బెలూనంటే భయమా? బొమ్మ వేయనివ్వండి

కాడుగోడిలో మెట్రో దిగి చెన్నసంద్ర వైపు వెళ్లినా, బెళతూరు వైపు వెళ్లినా కట్టుబడిలో ఉన్న ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. ఇనుప చువ్వలు, తడిపిన గోనె పట్టాలు, ముందు పిల్లర్‌కు వేలాడే దిష్టిబొమ్మ. ఉరిమి చూసే గుడ్లు, బయటికొచ్చిన కోరలు, వేలాడే నాలుక. కొన్నిచోట్ల బూడిద గుమ్మడికాయ మీదే ముఖం వేసి కట్టేస్తారు. కన్నడంలో దీన్నే దృష్టి గొంబె అంటారు. మేస్త్రీ తెలుగువాడు కావచ్చు, యజమాని కన్నడిగుడు కావచ్చు, సెంట్రింగ్ పనివాళ్లు ఏ రాష్ట్రం నుంచైనా వచ్చి ఉండొచ్చు. ఆ బొమ్మ ఏం చెబుతోందో ఎవరికీ వివరించనక్కర్లేదు.

1990ల్లో బెంగళూరు ఇళ్ల తలుపుల మీద ‘నాళె బా’ అని రాసుకున్న సంగతి ఇక్కడి పాతకాపులకు గుర్తుండే ఉంటుంది. రాత్రి తలుపు తట్టే దయ్యం అది చదువుకుని వెనక్కి పోతుందని నమ్మకం. తెలుగు ఊళ్లలో అదే భయం ‘ఓ స్త్రీ రేపు రా’ అయింది. ఈ అలవాటు మనది మాత్రమే కాదు. ‘ఫోబియా’ అన్న మాటే గ్రీకుల భయదేవుడు ఫోబోస్ పేరు నుంచి వచ్చింది. ఆయన యుద్ధదేవుడు ఏరిస్ కొడుకు. శత్రువు బెదిరిపోవాలని ఆయన బొమ్మను డాళ్ల మీద వేసేవారట. హోమర్ ‘ఇలియడ్’లో అగమెమ్నాన్ డాలు మీద ఫోబోస్ బొమ్మ ఉన్నట్టు వర్ణన ఉంది. అంటే ఫోబియాకు పేరిచ్చిన దేవుడు బొమ్మగానే జనంలో తిరిగాడు.

పెద్దలు తమ భయాన్ని బొమ్మగా చేసి వీధిలోనే వేలాడదీస్తారు. ఎవరూ నవ్వరు. అదే ఇంట్లో పిల్లవాడు తన భయం సంగతి చెబితే మాత్రం నవ్వుతారు. ఈ వారం మేము మాట్లాడదలచింది ఆ పిల్లవాడి గురించి.

నాటకాలు కావు

కుక్కంటే, చీకటంటే, ఉరుములంటే భయం అంటే పెద్దలు సర్దుకుపోతారు. చిన్నప్పుడు తమకూ ఉండేదే. చిక్కంతా వింత భయాలతో. పుట్టినరోజు పార్టీలో బెలూన్ కనబడగానే బల్ల కింద దూరే పిల్లలుంటారు. మాల్‌లో ఎలుగుబంటి వేషం వేసుకున్న మనిషి చెయ్యి చాపితే గుక్కపట్టి ఏడ్చేవాళ్లుంటారు. చేతులారబెట్టే మిషను చప్పుడుకు జడిసి, బాత్రూమ్‌కు వెళ్లకుండా బిగబట్టుకునేవాళ్లుంటారు. దోశ మీది చిల్లులు చూసి పళ్లెం పక్కకు నెట్టేసేవాళ్లు, మెట్రో ఎస్కలేటర్ మొదటి మెట్టు దగ్గర కాలు కదపలేక నిలబడిపోయేవాళ్లు, చొక్కా గుండీ చర్మానికి తగిలితే వణికిపోయేవాళ్లూ ఉంటారు.

ఇంట్లో ఏమంటాం? ‘బెలూన్‌కు భయపడతావేంట్రా, సిగ్గులేదూ!’ అంటాం. ‘అన్నీ నాటకాలు, బడి ఎగ్గొట్టడానికి’ అంటాం. అవ్వ మాత్రం దిష్టి తీసి, ‘ఏం కాదులే నాన్నా’ అని ఒళ్లో కూర్చోబెట్టుకుంటుంది. ఈ మూడు మాటల్లో అవ్వ మాటే కాస్త నయం. కనీసం పిల్లవాడు అబద్ధమాడుతున్నాడని ఆమె అనలేదు.

వైద్యులు ఈ భయాలను వింతగా చూడరు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన డీఎస్‌ఎం-5 గ్రంథం నిర్దిష్ట ఫోబియాలను 5 రకాలుగా విడదీసింది. జంతువులు ఒకటి, ఎత్తులు, తుపాన్లు, నీళ్ల వంటి ప్రకృతి విషయాలు ఒకటి, రక్తం, సూదులు ఒకటి, లిఫ్ట్, విమానం వంటి సందర్భాలు ఒకటి. ఐదోది ‘ఇతరాలు’. పెద్ద చప్పుళ్లు, వేషాలు వేసుకున్న మనుషులు అంటూ పిల్లల భయాలను అందులో ఉదాహరణలుగానే చెప్పారు. మాల్‌లో ఎలుగుబంటిని చూసి ఏడ్చే పిల్ల పుస్తకానికెక్కిన పిల్లే అన్నమాట.

కొన్ని భయాలకు ఊరు కూడా కారణమవుతుంది. మన పక్కనే ఉన్న వర్తూరు చెరువు నురగ గాలికి లేచి రోడ్ల మీద పడిన రోజులున్నాయి. బెళ్లందూరు చెరువు 2015లో, 2017లో, 2018లో అంటుకుని మండింది. ఆ ఏళ్లలో ఈ తూర్పు బెంగళూరులో పెరిగిన పిల్లవాడు బకెట్‌లో సబ్బు నురగ చూసి స్నానానికి రానంటే మరో ఊరివాళ్లకు వింతగా ఉండొచ్చు. మనకు ఉండకూడదు.

గుండీల అబ్బాయి

ఫోబియాల గురించి మేము చదివినవాటిలో టీచర్లందరూ తెలుసుకోవాల్సిన ఉదంతం ఒకటుంది. అమెరికాలోని మయామీలో, ఫ్లోరిడా ఇంటర్నేషనల్ యూనివర్సిటీ పిల్లల భయాల చికిత్సా కేంద్రానికి హిస్పానిక్ కుటుంబానికి చెందిన 9 ఏళ్ల అబ్బాయిని తీసుకొచ్చారు. అతడికి గుండీలంటే భయం. లిసెట్ సావెద్రా, వెండీ సిల్వర్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ ఉదంతాన్ని 2002లో ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. అబ్బాయి పేరు ఎక్కడా రాయలేదు. రాయకపోవడమే పద్ధతి.

ఆ భయం మొదలైంది బడిలోనే. ఇంకా విచిత్రం, బొమ్మలు చేసే క్లాసులోనే. 5 ఏళ్ల వయసులో అట్ట మీద గుండీలు అతికించే పని చేస్తుంటే అతడి దగ్గరున్నవి అయిపోయాయి. టీచర్ బల్ల మీద ఉన్న పెద్ద గిన్నెలోంచి ఇంకొన్ని తెచ్చుకోమన్నారు. అందరి ముందుకూ వెళ్లి చెయ్యి చాపాడు. చెయ్యి జారింది. గిన్నెలోని గుండీలన్నీ మీద పడ్డాయి. అంతే జరిగింది. దెబ్బ తగల్లేదు, ఎవరూ కొట్టలేదు. కానీ నాలుగేళ్లపాటు అతడు గుండీలను తాకలేకపోయాడు. బట్టలు వేసుకోవడం కష్టమైంది. యూనిఫాం మీది గుండీలు ఎక్కడ తగులుతాయోనన్న ధ్యాసతో పాఠం వినలేకపోయాడు. బయటికి చూస్తే ఈ పిల్లవాడు మొండివాడు, అన్యమనస్కుడు. రిపోర్టు కార్డులో అంతకు మించి ఏం రాస్తాం?

చికిత్సలో ముందుగా అతడి చేతే భయానికి నిచ్చెన వేయించారు. ఏ గుండీ తక్కువ భయం, ఏది ఎక్కువ భయం అని వరస పెట్టమన్నారు. మనమైతే చిన్న గుండీ తక్కువ, పెద్ద గుండీ ఎక్కువ అనుకుంటాం. అతడు చెప్పింది తిరగేసి ఉంది. జీన్స్ ప్యాంటుకుండే పెద్ద గుండీలు అన్నిటికన్నా తేలిక. చిన్నగా, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గుండీలు అన్నిటికన్నా ఘోరం. మన పిల్లల తెల్ల చొక్కాలకు ఉండేవి సరిగ్గా అవే!

తర్వాత ఒక్కో మెట్టే ఎక్కిస్తూ గుండీలను తాకించారు. తాకగలిగాడు. అయితే తాకేకొద్దీ బాధ ఎంతుందో చెప్పమంటే అది తగ్గకపోగా పెరిగింది. చేత్తో చేసే పనిలో ముందుకు వెళ్తున్నాడు, లోపల వెనక్కి వెళ్తున్నాడు. అప్పుడు వాళ్లు గుండీ గురించి మరింత అడిగారు. అది ఎలా కనిపిస్తుంది, తగిలితే ఎలా ఉంటుంది, ఏం వాసన వస్తుంది? అతడి జవాబుల్లోంచి బయటపడింది భయం కాదు, అసహ్యం. గుండీలు తనకేదో హాని చేస్తాయని అతడు అనుకోవడం లేదు. వాటిని చూస్తే అతడికి ఒళ్లంతా రోత. ఆ తర్వాత చికిత్స దారి మారింది. గుండీలు మీద పడుతున్నట్టు కళ్లముందు దృశ్యం కట్టుకోమని, అవి ఎలా ఉన్నాయో వర్ణించమని, ఆ రోతను నెమ్మదిగా ఎదుర్కోమని నేర్పారు. ఈసారి బాధ తగ్గింది. 6 నెలల తర్వాతా, 12 నెలల తర్వాతా చూస్తే ఫోబియా లక్షణాలు లేవు. రోజూ బడికి గుండీల చొక్కాతోనే వెళ్తున్నాడు.

ఇందులో మేము గట్టిగా పట్టుకున్న విషయాలు రెండు. భయం ఎలా ఉందో తెలిసింది పిల్లవాడికే, మన లెక్కలు అక్కడ పనికిరావు. రెండోది, లోపలున్నది భయమా రోతా అన్న ఒక్క మాట తేడాతో చికిత్స మారిపోయింది. ఈ రెండో విషయం దగ్గరే మన బడుల సంగతి మొదలవుతుంది.

మాట ఏ భాషది?

కాడుగోడిలో పెరిగే తెలుగు పిల్లవాడు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, క్లాసులో ఇంగ్లిష్ వింటాడు. పక్కింటివాళ్లను బట్టి తమిళమో హిందీయో తోడవుతుంది. 2015 నాటి కన్నడ భాషా అధ్యయన చట్టం ప్రకారం రాష్ట్రంలోని బడులన్నిట్లో కన్నడం మొదటి భాషగానో రెండో భాషగానో నేర్పాల్సిందే. అది మంచిదే, ఇక్కడ బతికేవాళ్లకు అవసరం కూడా. మేము దానికి అభ్యంతరం చెప్పడం లేదు. అయితే పాఠం నేర్చుకునే భాష వేరు, జడుసుకున్నప్పుడు నోట్లోంచి వచ్చే భాష వేరు.

తెలుగులో భయానికి ఎన్ని మాటలున్నాయో ఒకసారి చూడండి. జడుపు అంటే ఒక్కసారిగా పట్టుకునేది. బెదురు అంటే ఎప్పుడూ లోపల ఉండేది. గుబులు కడుపులో తిరిగేది. జంకు అడుగు వెనక్కి వేయించేది. బెంగలో భయంతోపాటు దిగులూ ఉంటుంది. హడలిపోవడం వేరు, ఉలిక్కిపడటం వేరు. ఇక కంపరం ఉంది. ‘చూస్తే కంపరమెత్తుతోంది’ అంటారు మన ఇళ్లలో. మయామీ అబ్బాయి లోపల ఉన్నది అదే. అక్కడి వైద్యులు ఎన్నో రోజులకు తేల్చిన సంగతిని మన అవ్వలు ఒక్క మాటలో చెప్పగలరు. కానీ క్లాసులో టీచర్ ‘ఎందుకు భయం?’ అని ఇంగ్లిష్‌లో అడిగితే ఆ పిల్లవాడి దగ్గర ఉన్నది ‘స్కేర్డ్’ అన్న ఒక్క మాట. అందులో జడుపు, గుబులు, కంపరం అన్నీ కలిసిపోతాయి. ఏదీ విడిగా తేలదు.

కాగితం మీద రంగుకు ఆ ఇబ్బంది లేదు. ముందు బొమ్మ వస్తుంది. దాని కింద ఒక మాట రాయమంటే, అది ఇంటి మాట అయితే, టీచర్‌కు దొరికేది మామూలు సమాచారం కాదు. అందుకే మా సలహా ఇది. బొమ్మ ఎలాగైనా వేయనివ్వండి, కింద మాట మాత్రం వాళ్ల ఇంట్లో అనే మాట రాయనివ్వండి. తెలుగు లిపిలోనో, కన్నడ లిపిలోనో, తప్పుల తడకగానో, ఎలాగైనా ఫర్వాలేదు. ఆ మాట టీచర్‌కు అర్థం కాకపోతే తెలుగు టీచర్ ఉన్నారు, తల్లిదండ్రులు ఉన్నారు. భాషా మైనారిటీ బడిలో తెలుగు టీచర్ పని పద్యాలు అప్పజెప్పించడంతో అయిపోదని మేము అనుకుంటున్నాం.

క్లాసులో ఎలా?

ఒక్క పిల్లవాడిని పిలిచి ‘నీ భయం గీయి’ అనకండి. అది శిక్షలా ఉంటుంది. క్లాసంతటికీ కాగితాలు, క్రేయాన్లు ఇచ్చి ‘దగ్గరికి వస్తే నాకు నచ్చనిది’ అని చెబితే చాలు. గీయనన్నవాళ్లు ఇంకేదైనా వేసుకోవచ్చు. నల్ల క్రేయాన్లు కాస్త ఎక్కువ పెట్టుకోండి, అవి ముందు అరిగిపోతాయి. బొమ్మ పేజీలో ఎక్కడ పెట్టాలి, ఎంత పెద్దది వేయాలి, తనను కూడా అందులో వేసుకోవాలా వద్దా అన్నది పిల్లల ఇష్టం. గుండీల అబ్బాయి నిచ్చెనలాగే, ఏది పెద్దదిగా వచ్చింది, ఏది మూలకు పోయింది అన్నదాంట్లో చాలా ఉంటుంది. అయినా ఆ ‘చాలా’ ఏమిటో మనం ఊహించి చెప్పకూడదు. ‘ఇదేంటి?’ అని కూడా అడగొద్దు, పరీక్షలా ఉంటుంది. ‘ఈ బొమ్మ గురించి చెప్పు’ అంటే చాలు. ఎరుపు వేస్తే కోపమని, నలుపు వేస్తే దిగులని పుస్తకాల్లో, వీడియోల్లో చెప్పే సూత్రాలను నమ్మకండి. ఆ రోజు డబ్బాలో మిగిలిన క్రేయాన్ అదొక్కటే అయ్యుండొచ్చు.

బొమ్మను చూసి తొందరపడి అర్థం చెప్పడం ఎంత ప్రమాదమో లూయీ బూర్జ్వా సాలీడు చెబుతుంది. ఆ ఫ్రెంచ్-అమెరికన్ శిల్పి 1999లో ‘మామాఁ’ పేరుతో 30 అడుగులకు పైబడిన ఉక్కు సాలీడును నిలబెట్టింది. కింద నిలబడి తలెత్తి చూసినవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. ఇది సాలీడు భయం ఉన్నావిడ చేసిన పని అనుకుంటారు. ఆమె మాత్రం అది తన తల్లి అని చెప్పింది. తల్లి పాత చిత్ర వస్త్రాలను బాగుచేసే పనిలో ఉండేది. సాలీడులాగే ఓపికగా అల్లేదట. పేరుకు అర్థం కూడా ‘అమ్మ’ అనే. శిల్పిని అడక్కుండా రిపోర్టు రాసేవాళ్లు ఏం రాసి ఉండేవారో ఊహించుకోండి.

ఇంకో సంగతి మరీ ముఖ్యం. ఈ బొమ్మలు గోడకు అంటించకండి. పేరెంట్స్ మీటింగ్‌లో ప్రదర్శించకండి. క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ‘చక్కగా వేశాడు’ అని బహుమతి కూడా ఇవ్వకండి. ఎందుకంటే ఎవరికి దేనికి భయమో తెలిస్తే తోటి పిల్లలు దాన్ని ఆయుధం చేసుకుంటారు. స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ (1904-1989) 1942లో అచ్చయిన తన ఆత్మకథలో ఈ బాధ చెప్పుకున్నాడు. ఆయనకు మిడతలంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు వాటిని ఇష్టంగానే చూసేవాడు. ఒకసారి చేత్తో పట్టుకున్న చిన్న చేప ముఖం మిడత ముఖంలా కనిపించి హడలిపోయాడు. అప్పటి నుంచీ అంతే. బడిలో అది తెలిసి పిల్లలు మిడతలు తెచ్చి మీద వేసేవారు.

అప్పుడు డాలీ ఓ ఎత్తు వేశాడు. తెల్లకాగితాన్ని పక్షిలా మడిచి, మిడతకన్నా తనకు ఇదంటేనే ఇంకా భయం అని నటించాడు. ఆ పక్షి కనబడితే చాలు కేకలు పెట్టేవాడు. పిల్లలు మిడతల్ని వదిలి కాగితపు పక్షులు విసరడం మొదలుపెట్టారు. ఒక కాగితపు బొమ్మ ఆ పిల్లవాడిని కాపాడింది. పిల్లల తెలివికి మేము దణ్ణం పెడతాం కానీ, ఆ బడిలో పెద్దవాళ్లు ఏం చేస్తున్నారన్న ప్రశ్న కూడా వస్తుంది.

పెద్దయ్యాక డాలీ మిడతలను తన చిత్రాల్లో పదేపదే వేశాడు. 1929 నాటి చిత్రాల్లో మనిషి ముఖానికి అతుక్కుని ఉన్న పెద్ద మిడత కనిపిస్తుంది. లోకమంతా మెచ్చుకుంది. మరి భయం పోయిందా? పోలేదు. 37 ఏళ్ల వయసులోనూ మిడత భయం ఏమాత్రం తగ్గలేదని ఆయనే రాసుకున్నాడు. బొమ్మ వేస్తే భయం దానంతటదే పోతుందని ఎవరైనా మీకు చెబితే డాలీని గుర్తుచేయండి.

జపాన్ చిత్రకారిణి యాయోయి కుసామా కథ ఇంటికి సంబంధించినది. 1929లో మత్సుమోతోలో, విత్తనాల వ్యాపారం చేసే కుటుంబంలో పుట్టింది. చిన్నతనంలోనే పూలు తనతో మాట్లాడుతున్నట్టు, చుక్కలు లోకమంతా కమ్మేస్తున్నట్టు అనిపించి జడుసుకునేది. పరుగున ఇంటికొచ్చి చూసింది చూసినట్టు గీసుకునేది. 10 ఏళ్ల వయసులో ఆమె వేసిన ఓ స్త్రీ బొమ్మ ఉంది, తల్లిదేనంటారు. ముఖం నిండా, వెనక అంతా చుక్కలే. తల్లికి మాత్రం కూతురు బొమ్మలు వేయడం నచ్చలేదు. కాగితాలు లాక్కునేది, చింపేది. కుసామా మానలేదు. 1977లో తనంతట తానే టోక్యోలోని మానసిక చికిత్సాలయంలో చేరి, దగ్గర్లోని స్టూడియోకు వెళ్లి పనిచేసుకుంటూ వచ్చింది. ఆ చుక్కలే ఆమెను ప్రపంచానికి పరిచయం చేశాయి. ఆమెది ఫోబియా అని మేము అనడం లేదు, అంతకన్నా పెద్ద అనారోగ్యమే. అయినా కూతురి నోట్‌బుక్ చివరి పేజీల్లో పిచ్చిగీతలు చూసి ‘ఇదా నువ్వు చదివేది?’ అని ఫర్రున చింపే ముందు ఒక్క క్షణం ఆగితే బాగుంటుంది.

దగ్గరా దూరమూ

బొమ్మతోనే భయం పోదంటే మరి దేనితో పోతుంది? కొంచెం కొంచెంగా దగ్గరికి వెళ్లడంతో. ఈ దారిని చూపినవాళ్లలో తొలి పేరు మేరీ కవర్ జోన్స్. 1924లో ఆమె పీటర్ అనే మూడేళ్లు నిండని పిల్లవాడి గురించి రాసింది. వాడికి కుందేలంటే భయం. ఉన్ని కోటు, ఈకలు, దూది అన్నా భయమే. ఆమె వాడికి ఇష్టమైన తిండి పెడుతూ, గదికి ఆ చివర కుందేలు బోను ఉంచింది. రోజురోజుకూ కాస్త దగ్గరికి జరిపింది. చివరికి వాడే కుందేలును నిమిరాడు. తొందరపెట్టకపోవడమే అందులోని కిటుకు. గోరుముద్దలు తినిపిస్తూ చందమామను చూపే మన తల్లులకు ఇది కొత్త విద్యేమీ కాదు.

ఈ దారిలో బొమ్మ ఒక మెట్టు అవుతుంది. బెలూన్ అన్న మాట అనడం, బెలూన్ గీయడం, ఊదని బెలూన్‌ను దూరం నుంచి చూడడం, చేత్తో పట్టుకోవడం, సగం ఊదడం... ఎక్కడ ఆగాలో పిల్లలే చెప్పాలి. ‘పట్టుకో, ఏం కాదు’ అని చేతిలో పెట్టేస్తే ఎక్కిన మెట్లన్నీ దిగిపోతారు.

ఇంట్లో చేసుకోదగ్గ పని ఒకటుంది. మన తోలుబొమ్మలాటలో ఉన్నదే. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఇప్పటికీ ఈ బొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తెర మీద రావణుడు ఊగిపోతుంటే పిల్లలు తల్లి కొంగులో దూరతారు. కాసేపట్లో కేతిగాడు వచ్చి నవ్విస్తాడు. బొమ్మను తెరకు ఆనిస్తే నీడ బొమ్మంతే ఉంటుంది. దీపం వైపు జరిపితే నీడ పెద్దదవుతుంది. పిల్లవాడు తన భయాన్ని అట్ట మీద గీసి కత్తిరించి, పుల్లకు అంటించి, చీకటి గదిలో గోడ ముందు పట్టుకోనివ్వండి. టార్చి కూడా వాడి చేతికే ఇవ్వండి. గోడంత మిడతను చేసేదీ వాడే, గోరంత చేసేదీ వాడే. మధ్యలో కేతిగాడి పని అన్నయ్యో అక్కో చేయొచ్చు, కానీ నవ్వించాల్సింది మిడతను చూసి, తమ్ముణ్ని చూసి కాదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. కొన్ని భయాలకు బొమ్మే నిప్పు. గుంపుగా ఉన్న చిల్లులను చూస్తే కంపరమెత్తే ట్రైపోఫోబియా అలాంటిది. తామర గింజల కాయ, తేనెపట్టు ఫొటోలు చూసినా కొందరికి ఒళ్లు గగుర్పొడుస్తుంది. బ్రిటన్‌లో జెఫ్ కోల్, ఆర్నాల్డ్ విల్కిన్స్ 2013లో దీని మీద పరిశోధన ప్రచురించారు. డీఎస్‌ఎం-5లో దీనికి విడిగా పేరు లేదు, కానీ బాధ మాత్రం అబద్ధం కాదు. ఇలాంటి పిల్లలకు ‘ఇదేనా?’ అంటూ సెల్‌ఫోన్‌లో ఫొటోలు వెతికి చూపకండి. వాళ్లు గీసిందే చూడండి. గీయనంటే వదిలేయండి.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి?

చిన్నతనపు భయాలు చాలావరకు వయసుతో పోతాయి. 6 నెలలు దాటినా తగ్గకపోతే, దానివల్ల బడి, తిండి, నిద్ర, ఆట చెడుతుంటే మాత్రం వైద్య సలహా తీసుకోవాలి. బెంగళూరులోనే నిమ్హాన్స్ ఉంది, అక్కడ పిల్లల, కిశోరుల మానసిక వైద్యానికి ప్రత్యేక విభాగం ఉంది. వెళ్లే ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ ఉంది. నంబరు 14416. ఖర్చు లేదు. తెలుగులోనూ కన్నడంలోనూ మాట్లాడవచ్చు. పిల్లల గురించి చెప్పేటప్పుడు ఇంట్లో అనే మాటనే వాడండి, ‘ఫోబియా’ అని మీరే పేరు పెట్టి చెప్పనక్కర్లేదు.

ఇంకోరకం బొమ్మలూ రావొచ్చు. వస్తువు కాకుండా ఒక మనిషి, ఒక గది, ఒక వ్యాను మళ్లీమళ్లీ కనిపిస్తే, అడిగినప్పుడు పిల్లలు మాట దాటేస్తే, అది ఫోబియా కాకపోవచ్చు. నిజంగా భయపడాల్సిందే ఏదో జరుగుతుండొచ్చు. అలాంటప్పుడు పదేపదే గుచ్చి అడగకండి, ఆ మనిషిని పిలిచి నిలదీయకండి, బొమ్మను భద్రంగా ఉంచండి. పిల్లల సహాయ నంబరు 1098 రాత్రీ పగలూ పనిచేస్తుంది. లైంగిక వేధింపు అని తెలిసినా, అనుమానం వచ్చినా ఫిర్యాదు చేయడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం టీచర్లకైనా తల్లిదండ్రులకైనా తప్పనిసరి. బడి పరువు పోతుందని ఆగే వీల్లేదు.

మామూలు భయాల బొమ్మలను ఏడాది పొడవునా ఒక కవర్లో పెట్టి, కవరు పిల్లల పేరుతో టీచర్ బీరువాలో ఉంచితే చాలు. ప్రతి బొమ్మ వెనక తేదీ, పిల్లలు చెప్పిన ఇంటి మాట రాసి పెట్టండి. డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే పిల్లలను అడిగి, సరేనంటే ఆ కవరు కూడా పట్టుకెళ్లండి. అక్కడ ‘ఎప్పటి నుంచి? ఎలా ఉంటుంది?’ అని అడిగినప్పుడు తల్లిదండ్రులు తడుముకోనక్కర్లేదు.